ఎండిన చెరువు, గడ్డకట్టిన చెరువు

రాయదుర్గం కొండ కింద పెరిగినవాళ్లకు రాయితో ఆడుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. అచ్చనగాయలకు అయిదు గులకరాళ్లు, ఏడుపెంకులాటకు ఏడు బిళ్లలు దొరికితే మా సెలవులు గడిచిపోయేవి. అందుకేనేమో, 2025 ఏప్రిల్‌లో ఇటలీలోని కొర్టీనాలో జరిగిన జూనియర్ ప్రపంచ కర్లింగ్ పోటీల వీడియోలు ఫోన్లో చూస్తుంటే ఆ ఆట నాకు పరాయిదనిపించలేదు.

ఒకమ్మాయి మోకాలు మడిచి మంచు మీద జారుతూ, పిడి ఉన్న గుండ్రటి రాయిని మెల్లగా వదులుతుంది. ఇద్దరు చీపుళ్లు పట్టుకుని రాయికి ముందు పరుగెడుతూ మంచును గట్టిగా రుద్దుతారు. ఆ రాపిడి వేడికి పైపొర నునుపెక్కి రాయి ఇంకాస్త దూరం పోతుంది, పక్కకు తిరగడం తగ్గి తిన్నగా సాగుతుంది. 38 మీటర్ల అవతల గీసిన వలయాల నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. ఎదుటివాళ్ల రాయిని కొట్టి తోసెయ్యొచ్చు కూడా. గోలీలాడిన ఎవరికైనా ఇది ఇట్టే పట్టుబడుతుంది.

రాయి గ్రానైటే. పేరున్నది స్కాట్లాండు తీరానికెదురుగా సముద్రంలో ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి రాయి. సన్నటి రేణువులది, నీటిని దాదాపు పీల్చుకోదు. పీల్చుకుంటే ఆ నీరు లోపల గడ్డకట్టి రాయి చిట్లుతుంది. బరువు దాదాపు 20 కిలోలు. నన్ను కదిలించింది ఈ బరువే. జూనియర్ ప్రపంచ పోటీల్లో అబ్బాయిలకూ అమ్మాయిలకూ రాయి ఒకటే, దూరమూ ఒకటే. ఆడపిల్లలని తేలికపాటి రాయి ఇవ్వరు. చీపురూ అంతే. మన ఇళ్లలో ఆడపిల్ల చేతికి మాత్రమే అందించే చీపురుతో అక్కడ మగపిల్లలూ భుజాలు నొప్పెట్టేదాకా ఊడుస్తారు.

ఈ సమానత్వం మొదటినుంచీ లేదు. 21 ఏళ్లలోపు అబ్బాయిలకు 1975లోనే టొరంటోలో ప్రపంచ పోటీ మొదలైంది. అమ్మాయిలకు 1988 దాకా, అంటే పదమూడేళ్ల తర్వాతగానీ రాలేదు. తలుపు తెరిచాక ఏమైందో చూడండి. స్కాట్లాండు అమ్మాయి ఈవ్ మ్యూర్‌హెడ్ జూనియర్‌గా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయింది. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకురాలూ ఆమే.

ఈ ఆట స్టేడియాల్లో పుట్టలేదు. చలికి గడ్డకట్టిన చెరువు మీద ఊరి జనం రాళ్లు జార్చుకుంటూ ఆడుకున్నారు. వాతావరణం ఇచ్చిన నేలే మైదానమైంది. మనకూ వాతావరణం మైదానం ఇచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం జిల్లాలో ఎండిన చెరువు కట్ట దిగితే పగుళ్లు పూడిన గట్టినేల కనిపిస్తుంది, దాని మీద వికెట్లు పాతుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. ఆడపిల్లలు కనిపించరు. నేనూ పన్నెండో ఏట ఆట మానేసినదాన్నే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఇంక చాల్లే" అన్నారు, అంతే.

చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. నార్పల మండలం బండ్లపల్లి మన జిల్లాదే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన ఊరది, కరువు పనికి దేశంలో పేరు పొందింది. బారెడ్డి అనూష ఆ ఊరి పిల్లే. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానంలో ఎడమచేత్తో స్పిన్ నేర్చుకుని, 2023 జూలైలో మీర్పూర్‌లో భారత క్రికెట్ జట్టుకు ఆడింది. అదే ట్రస్టు ఆవరణలో 2010లో రఫెల్ నాదల్ పేరిట తెరిచిన టెన్నిస్ బడిలోనూ ఆడపిల్లలు రాకెట్ పట్టారు. కానీ అనంతపురం మనకు దాదాపు వంద కిలోమీటర్లు. సాయంత్రం బడి వదిలాక ఏ తల్లీ కూతుర్ని అంత దూరం పంపలేదు.

అందుకే పెద్ద స్టేడియం అడగను. ఊళ్లో ఉన్న మైదానంలో రోజూ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకే కేటాయించండి. రెండు దీపాలు, తాళం పడని మరుగుదొడ్డి, ఈల పట్టుకున్న ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా అమ్మలు పిల్లల్ని పంపరు. కాబట్టి మూడూ కావాలి. మన ఊళ్లో జీన్స్ కుట్టే యూనిట్ల యజమానులు ఆదివారం సాయంత్రం మిషన్లు ఆపితే ఇంకా మేలు. ఆ మిషన్ల ముందు కూర్చునేవాళ్లలో 21 దాటనివాళ్లు తక్కువేం లేరు.

మొన్న మా వీధి మొదట్లో అలాంటి అమ్మాయొకతె మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుగుతుంటే ఆగి అడిగాను, బళ్లో ఏమన్నా ఆడేదానివా అని.

"కబడ్డీ అక్కా. తొమ్మిదో తరగతి దాకా."

కూతకు పోయేదానివా, పట్టేదానివా అని నేను పూర్తిగా అడగనే లేదు. డబ్బా కింద పెట్టి, తడిచేతులు లంగాకు తుడుచుకుని, "కూతకే" అంది.