టవరు తీసేస్తే ఫోను ఊరుకుంటుందా?

సంపాదకులకు,

కొండ ఊళ్లలో సెల్ టవర్లు వద్దంటూ మీ పత్రికలో వచ్చిన లేఖ చదివాను. భయం అర్థమైంది గానీ, లెక్క తిరగబడింది.

మన ఒంటికి ఆనుకుని ఉండేది టవరు కాదు, ఫోను. టవరు దగ్గరుంటే ఫోను గుసగుసలాడుతుంది, దూరమైతే అరుస్తుంది. పాత 900 మెగాహెర్ట్జ్ జీఎస్ఎం ఫోను సిగ్నల్ బాగుంటే వాటులో వందో వంతుతో సరిపెట్టుకునేది, అందకపోతే 2 వాట్ల దాకా పోయేది. 4జీ ఫోన్ల గరిష్ఠం సాధారణంగా 0.2 వాటే; పద్ధతి మాత్రం మారలేదు.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి నల్లమల లోయలో నడిచేవారిని చూడండి. సిగ్నల్ అందని చోట జేబులోని ఫోను టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయిందని అంగడివాళ్లను ఛార్జర్ అడిగేది అందుకే. ఆ దారిలో ఫ్లైట్ మోడ్ పెట్టుకుంటే చాలు, ఫొటోలు ఎలాగూ వస్తాయి. సిగ్నల్ ఒక గీతే ఉన్నప్పుడు మాట్లాడక తప్పకపోతే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదా స్పీకర్‌లో మాట్లాడండి.

రేడియో తరంగాలను 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బీ వర్గంలో చేర్చిన మాట నిజమే. అది అనుమానితుల జాబితా. రుజువైనవాటిది వేరే ఉంది. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్లకు అంతర్జాతీయ హద్దులో పదో వంతే అనుమతి. ఫోను నుంచి ఒంట్లోకి ఇంకే శక్తి (ఎస్‌ఏఆర్) కిలోకు 1.6 వాట్లు మించరాదు. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే ఆ ఫోను ఎస్‌ఏఆర్ అంకె కనిపిస్తుంది.

ఇంకా అనుమానం తీరనివారు తరంగ్ సంచార్ పోర్టల్‌లో రుసుము కట్టి తమ ఇంటి దగ్గర తరంగాలు కొలిపించుకోవచ్చు.

— ఒక పాఠకుడు, దిగువ అహోబిలం, నంద్యాల జిల్లా