గుర్రమ్మకో పేరు కావాలి!

ఇంట్లో పాపాయి పుడితే పేరు కోసం పుస్తకాలు తిరగేస్తాం, బంధువులందర్నీ అడుగుతాం. గుర్రప్పిల్లకి కెల్టిక్ పేరు పెట్టాలనుకునేవాళ్ల హడావుడీ అలాంటిదే. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో ఇప్పటికీ వినిపించే ప్రాచీన భాషల కుటుంబమే కెల్టిక్. ఆ జాతుల గాథల్లో గుర్రాలకు కొదవలేదు.

ఎపోనా... నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో కెల్టులు కొలిచిన అశ్వదేవత. రోమన్ ఆశ్విక దళాలూ ఆమెకు మొక్కేవి. ఆడగుర్రానికి చక్కగా నప్పే పేరు. ఎన్‌బార్... ఐరిష్ సముద్రదేవుడు మనన్నాన్ గుర్రం. నేలమీదా నీటిమీదా ఒకేలా పరుగెత్తేదట!

వినడానికి బాగుందని పెట్టేస్తే మాత్రం తంటానే. ఐరిష్ వీరుడు కూ హులిన్ రథాశ్వం పేరు లియా మాహా. లియా అంటే బూడిదరంగు. నల్లగుర్రానికి ఆ పేరు పెడితే నేతిబీరకాయ సామెతే. పైగా యజమాని చావు ముందే తెలిసి అది నెత్తుటి కన్నీరు కార్చిందని కథ. విశ్వాసానికి గుర్తనుకుంటే సరే, అపశకునం అనిపిస్తే వద్దు.

దేవతల పేర్లే పెట్టాలనేం లేదు. స్కాట్లాండ్‌లోని ఓ కొండ పేరుతో ఫోయినావన్ అనే గుర్రం ఉండేది. దానిమీద ఎవరికీ ఆశల్లేవు. 1967 గ్రాండ్ నేషనల్ పందెంలో ఓ అడ్డుకంచె దగ్గర ముందున్న గుర్రాలన్నీ పడిపోయో, ఆగిపోయో చిక్కుకున్నాయి. వెనకబడ్డ ఫోయినావన్ సందు చూసుకుని దాటేసింది, గెలిచింది. ఆ కంచెని ఇప్పటికీ ఫోయినావన్ అనే పిలుస్తున్నారు.

గుర్రం పోయినా పేరు మిగిలింది. అందుకే అర్థం కనుక్కోండి, గట్టిగా నాలుగుసార్లు పిలిచి చూడండి. ఆ తర్వాతే పెట్టండి!