జర్నలుకు పంపేముందు ఊళ్లో చదవాలి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీల కీళ్లనొప్పుల గురించీ, వాళ్లు తాగే నీళ్ల గురించీ మేం చేసిన అధ్యయనాన్ని ఒక ఆరోగ్యశాస్త్ర జర్నలుకు పంపడానికి సిద్ధం చేస్తున్నాం. ఈ ‘సిద్ధం చేయడం’ అనేది పైకి కనిపించేంత సాంకేతికమైన పనేం కాదు. ఎవరి మాట సాక్ష్యమవుతుంది, ఎవరి మాట ఉత్త ‘చెప్పుకున్న బాధ’గా మిగిలిపోతుంది, ఎవరి పేరు రచయితగా ఎక్కుతుంది, చివరికి దాన్ని ఎవరు చదవగలుగుతారు అనేవన్నీ ఈ దశలోనే తేలిపోతాయి. నేను అనేది ఒక్కటే. ఏ స్త్రీల శరీరాల గురించి రాశామో వాళ్లకి ఆ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, వాళ్ల అభ్యంతరాలు విని, ఆ తర్వాతే జర్నలుకు పంపాలి. ఇది మనం వాళ్లకు చేసే ఉపకారం కాదు, పరిశోధనా పద్ధతిలో భాగం.

ఈ ప్రాంతానికీ వైద్య జర్నళ్లకూ ఉన్న సంబంధం కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద మొదటి పత్రాలు 1937లో అచ్చయ్యాయి. ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. అదే సంవత్సరం ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. ఉదయగిరికి ఉత్తరాన ఉన్న కనిగిరి, ఆ పైన ఉన్న పొదిలి, దర్శి 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవే. తర్వాత షార్ట్, గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి కాలేయంలో గడిపే దశను 1948లో కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. పండిట్ భారత వైద్య పరిశోధనా మండలికి తొలి డైరెక్టరయ్యాడు.

అయితే ఈ పత్రాల కంటే ముందే, 1930ల మొదట్లోనే, ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ రైతుల పేర్లు మనదాకా రాలేదు. గొడ్లకు మేత వేసి, కుడితి పెట్టి, పేడ ఎత్తే ఆడవాళ్లకి ఆ సంగతి ఇంకా ముందే తెలిసి ఉంటుందని నా నమ్మకం. కానీ చరిత్రలో ‘రైతు’ అన్నప్పుడు మనకు మగమనిషే కదా కనిపించేది!

ఆ తర్వాత నల్లగొండ. సిద్దిఖీ 1955లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో రాశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’లో, ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి రాశారు. ప్రపంచంలో అందరికంటే ముందు చదివే జర్నళ్లలో తెలుగు పల్లెల ఎముకలు అచ్చయ్యాయి. ఈ పనుల విలువను నేను తగ్గించడం లేదు. అవి లేకపోతే ఈ రోజు నేను రాస్తున్న పత్రానికి ఉపోద్ఘాతమే ఉండదు. కానీ ఆ పత్రాల్లో ఉన్నది ఆ ఎముకల సొంతదారులకి ఏ భాషలో, ఎప్పుడు, ఎవరు చెప్పారు?

మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ఊళ్లో అరవై ఏళ్ల ఆమె మా పరిచయం పూర్తికాకముందే అడిగింది: “పోయినతూరి పట్టకపోయిన ఉచ్చ సంగతేమయిందమ్మా?” మాకు ముందెప్పుడో ఇంకెవరో వచ్చి, మూత్రం నమూనాలు సీసాల్లో పట్టుకుపోయారు. ఆ ఫలితం ఏదో ఒక పట్టికలో ఒక అంకెలో కలిసిపోయే ఉంటుంది. ఆమెకు మాత్రం తెలియలేదు.

ఇక్కడ నియమాలు లేవని కాదు. హెల్సింకీ ప్రకటనను 2013లో సవరించినప్పుడు, పరిశోధనలో పాల్గొన్నవాళ్లందరికీ దాని ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని స్పష్టంగా రాశారు. మన వైద్య పరిశోధనా మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. కానీ జర్నలుకు పత్రం పంపేటప్పుడు నింపే ఫారాలు చూడండి. నైతిక సంఘం అనుమతి నెంబరు అడుగుతారు. సమ్మతి తీసుకున్నారా అని అడుగుతారు. డబ్బు ఎవరిచ్చారు, మీకేమైనా స్వప్రయోజనాలున్నాయా అని అడుగుతారు. మాలాంటి అధ్యయనాలకు 2007 నుంచీ ‘స్ట్రోబ్’ అనే జాబితా ఒకటుంది. అందులో 22 అంశాలుంటాయి. శీర్షిక ఎలా ఉండాలనే దగ్గర్నుంచి డబ్బు ఎక్కడిదనే దాకా అన్నీ ఉన్నాయి. ‘పాల్గొన్నవాళ్లకు ఫలితం చెప్పారా?’ అన్నది ఒక్కటి లేదు.

సమ్మతి అనే గడిలో టిక్కు పెట్టడం ఎంత సులువో మనకు ఖమ్మం జిల్లా అనుభవం చెప్పింది. 2009లో భద్రాచలం ప్రాంతంలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా ప్రాజెక్టు పేరుతో వేల మంది ఆడపిల్లలకు టీకాలు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు బయటపడ్డాయి. స్త్రీల ఆరోగ్య సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సంతకం ఉంది కాబట్టి సమ్మతి ఉన్నట్టే అనుకునే అలవాటు ఇంకా పోలేదు.

ఇక రచయితల సంగతి. వైద్య జర్నళ్ల సంపాదకులు 1978లో వాంకూవర్‌లో సమావేశమై ఉమ్మడి నియమాలు మొదలుపెట్టారు. ఇప్పుడు వాటి ప్రకారం రచయిత కావాలంటే నాలుగు షరతులు. అధ్యయన రూపకల్పనలోగానీ సమాచార సేకరణలోగానీ విశ్లేషణలోగానీ గట్టి భాగం ఉండాలి, రాతలో లేదా దాన్ని విమర్శనాత్మకంగా సరిదిద్దడంలో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, పత్రంలో ఉన్నదానికి జవాబుదారీగా ఉండాలి. మా అధ్యయనంలో ఒక ఆశా కార్యకర్త ఉంది. రోజుకు ఎన్ని గ్లాసులు నీళ్లు తాగుతారు అని మా ప్రశ్నావళిలో ఉంటే, “అట్టా అడిగితే ఎవరు చెప్తారు మేడమ్, యాడెక్కడ తాగుతారో అడగండి” అని ఆ ప్రశ్ననే మార్చేసింది. ఇంట్లో, చేలో, కూలికి పోయినచోట మోటారు దగ్గర, పుట్టింట్లో... మా పత్రంలో కొత్తగా ఉన్నదేదైనా ఉంటే అది ఈ ప్రశ్న నుంచి వచ్చిందే. మొదటి షరతు ఆమె పూర్తిగా తీర్చింది. కానీ ఇంగ్లీషు రాదు కాబట్టి రెండోదీ మూడోదీ తీర్చలేదని, ‘కృతజ్ఞతలు’ కింద ‘క్షేత్ర సిబ్బంది’ అని ఒక ముక్క రాసి పంపేయడమే రివాజు.

ఇది శ్రమ విభజనే. ఎండలో తిరిగే పని ఆడవాళ్లకీ కింది కులాల వాళ్లకీ, ఆలోచన అనే పేరుగల పని మనకీ. అయితే ఆ నియమాల్లోనే ఇంకో మాటుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మొదటి షరతు తీర్చినవాళ్లకి రాతలో, సవరణలో, ఆమోదంలో పాల్గొనే అవకాశం ఇవ్వకుండా, ఆ వంకతో రచయితగా తొలగించకూడదని అందులో స్పష్టంగా ఉంది. మరి తెలుగులో ప్రతి లేకపోతే ఆమెకు అవకాశం ఇచ్చినట్టెలా అవుతుంది? అంటే తెలుగు ప్రతి తయారుచేయమనడం స్త్రీవాదుల అతి కోరిక కాదు, సంపాదకులే పెట్టుకున్న నియమాన్ని అక్షరాలా పాటించడం.

పట్టికల దగ్గర ఇంకో చిక్కుంది. నీళ్ల మీద జరిగే అధ్యయనాల్లో లెక్క ‘కుటుంబం’ ప్రకారం వేస్తారు. ఈ కుటుంబం తాగేది బోరు నీళ్లు, ఈ కుటుంబం తాగేది క్యాను నీళ్లు అని. మేం కూర్చుని మాట్లాడిన కొన్ని ఇళ్లలో క్యాను నీళ్లు మగవాళ్లకీ, బడికి పోయే పిల్లలకీ, వచ్చిపోయే చుట్టాలకీ. ఆమె మాత్రం బోరింగు దగ్గర దోసిట్లో తాగుతుంది. వంట ఎలాగూ బోరు నీళ్లతోనే. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఇంకినకొద్దీ చిక్కబడుతుంది. పట్టికలో ఆ ఇల్లు ‘సురక్షిత నీరు’ గడిలో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ పరిమితికి లోపల ఉన్న ఇంట్లో, ఆ పరిమితి దాటిన మనిషి ఉండొచ్చు. ఫలితాలను స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా చూపించమని 2016లో వచ్చిన ‘సేజర్’ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచిదే. కానీ సమాచారం సేకరించేటప్పుడే ఇంటి గడప దాటి లోపలికి వెళ్లకపోతే తర్వాత విడదీయడానికి ఏముంటుంది?

ఇంతకుముందు ఈ అధ్యయనంలో ఒక భాగాన్ని మరో జర్నలుకు పంపితే, సమీక్షకులు ఒకరు ఈ నొప్పులు వయసు వల్లో ఇంటి పని వల్లో కాదని ఎలా చెప్పగలరని అడిగారు. వయసు గురించిన ప్రశ్న న్యాయమైనదే, ఫ్లోరైడు తక్కువున్న ఊళ్లతో పోల్చి చూపించాల్సిందే. ఇంటి పని సంగతి వేరు. నడుం వంగనివాళ్లకి కింద కూర్చుని పొయ్యి ఊదడం, కలుపు తీయడం, బహిర్భూమికి కూర్చోవడం, పిల్లను చంకనెత్తుకోవడం – జబ్బు తెలిసేదే ఇక్కడ. దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఎక్స్‌రే. ఎక్స్‌రేలో మార్పు కనిపించేసరికి నొప్పి ఎప్పుడో మొదలై ఉంటుంది. ఆ మధ్యకాలానికి ఆమె మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఇలాంటి మాటలకు జర్నళ్లలో చోటు ఎంత తక్కువో మనమొక్కళ్లమే అనడం లేదు. మాటల మీద ఆధారపడే పరిశోధనలకు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ తక్కువ ప్రాధాన్యం ఇస్తోందని 2016లో గ్రీన్‌హాల్ష్‌తో పాటు డెబ్బై మందికి పైగా పరిశోధకులు ఆ పత్రికకే బహిరంగ లేఖ రాశారు.

ఇదంతా చేస్తూ కూర్చుంటే మా పదోన్నతుల సంగతేమిటి అని చిన్న వయసు సహోద్యోగులు అడుగుతారు. నాకు వాళ్లమీద కోపం లేదు. అచ్చయిన పత్రాలు లెక్కపెట్టి ఉద్యోగాలిచ్చే వ్యవస్థలో తొందర వాళ్ల తప్పు కాదు. పేరున్న జర్నళ్లు చాలావాటిలో అందరికీ ఉచితంగా చదివే వీలు కల్పించాలంటే డాలర్లలో కట్టాలి, జిల్లా కాలేజీ లెక్చరరుకి అది ఎన్నో నెలల జీతం. ఈ తొందర మీద బతికే వ్యాపారం మన హైదరాబాదులోనే పెరిగింది. సరైన సమీక్ష లేకుండా డబ్బుకు అచ్చువేస్తూ పరిశోధకుల్ని మోసం చేసిందని ఓమిక్స్ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. అంత తొందరలో అచ్చయిన పత్రం ఎవరికి పనికొస్తుంది, ఊరికా, శాస్త్రానికా?

తెలుగులో రాసిన చిన్న పాఠం ఏం చేయగలదో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దూబగుంట ఉన్నది ఉదయగిరి నియోజకవర్గంలోనే, కలిగిరి మండలంలో. అక్షరాస్యతా ఉద్యమంలో ‘సీతమ్మ కథ’ చదివిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లకు సారా గురించి ఆ పుస్తకం కొత్తగా నేర్పిందేమీ లేదు. తమకు తెలిసింది అచ్చులో కనిపించింది, నలుగురు కూర్చుని చదివారు. ఫ్లోరిన్ నీళ్ల మీద 1937 నుంచి వచ్చిన పత్రాలకు ఆ అదృష్టం దక్కలేదు.

మేం మా పత్రాన్ని తెలుగులో పది పేజీలు చేసి, రెండు ఊళ్లలో చదివాం. ఎవరెవరి నమూనాలో ఎంత వచ్చిందో ముందే విడిగా, ఎవరికి వాళ్లకి చెప్పేశాం. చర్చ భాగంలో ‘అవగాహన లేమి వల్ల స్త్రీలు సురక్షిత నీటిని వాడటం లేదు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. ఆరోగ్య పత్రాల్లో ఈ వాక్యం ఎంత మామూలంటే, చదివేవాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. వాళ్లు దాటలేదు. “తెలీక కాదమ్మా, క్యానుకి డబ్బులు ఎవురిస్తారు?” అని ఒకామె అంది. సోమశిల ప్రాజెక్టు ఈ పక్కనే ఉంది కదా, ఆ నీళ్లు మా గడపకి రాకపోవడం కూడా మాకు తెలియకనేనా అని ఇంకొకామె. గంటసేపు ఆ ఒక్క వాక్యం మీదే నడిచింది. ఇప్పుడు ఆ చోట డబ్బు ఎవరి చేతిలో ఉంది, కొళాయి ఎక్కడిదాకా వచ్చింది అన్న రెండు పేరాలున్నాయి, వాటికి మా సమాచారంలోనే ఆధారం ఉంది కూడా. వాళ్ల మాట కాదని మాకనిపించినచోట్ల కాదనే రాశాం. బావి నీళ్లు తాగినన్నాళ్లూ ఈ జబ్బు లేదన్నది అలాంటిది, మా దగ్గరున్న లెక్కలు దాన్ని తేల్చలేవు.

తెలుగు ప్రతిని అనుబంధంగా జతచేస్తున్నాం, కొన్ని జర్నళ్లు దీనికి ఒప్పుకుంటున్నాయి. ఆశా కార్యకర్త పేరు మూడో రచయితగా ఉంది. ఆమె తుది ప్రతి చదివి రెండుచోట్ల దిద్ది ఒప్పుకుంది. ‘సంస్థ’ అన్న గడి దగ్గర ఏం రాయాలని అడిగితే ఊరి పేరు రాయమంది. ఆ ఫారం దాన్ని తీసుకుంటుందో లేదో వచ్చేవారం పంపాక తెలుస్తుంది.