కాసరకాయకు కంచంలో చోటు

వానలు పడి నల్లరేగడి తడవగానే రాయలసీమ, పాలమూరు చేలలో ఒక తీగ తనంతట తానే మొలుస్తుంది. ఎవరూ విత్తరు, ఎవరూ ఎరువు వేయరు. నేలలో దాగిన దుంప చిగురించి, దొరికిన కొమ్మనల్లా పట్టుకుని పాకి, వేలి కొసంత కాయలు కాస్తుంది. అవే కాసరకాయలు. కాకర జాతివే, చేదులోనూ దానికి తీసిపోవు. కలుపు తీసే ఆడవాళ్లు వాటిని కొంగున కట్టుకుని ఇంటికి తెస్తారు. తొడిమలు తుంచి, కోయకుండానే నూనెలో ఎర్రగా వేయించి వెల్లుల్లి కారం చల్లితే జొన్నరొట్టెలోకి కమ్మగా ఉంటాయి.

కోసిన ఒకటి రెండు రోజులకే ఈ కాయ పగిలిపోతుంది. అందుకే ఊరి సంత దాటి రావడం అరుదు. పట్నంలో పెరిగిన పిల్లల్లో చాలామంది దాని పేరైనా విని ఉండరు.

చేదుతో మన సంబంధం చాలా ఇళ్లలో ఉగాది నాటి చిటికెడు వేపపువ్వుకు కుదించుకుపోయింది. కాకరకాయ వండినా ఉప్పు రాసి పిండి, మజ్జిగలో ఉడికించి, బెల్లం కలిపి చేదు విరిచేస్తాం. మరోపక్క షుగర్‌కు మంచిదంటూ కాకర రసం సీసాలు, వేప మాత్రలు, నేలవేము పొడులు కొంటాం. కూరగా వద్దన్న చేదును మాత్రగా మింగడం తలకిందుల పద్ధతి. చేదు ముందు వంటింట్లోకి రావాలి.

అది నేర్చుకోగలిగిన రుచే. చేదును పసిగట్టడానికి మనిషికి దాదాపు 25 రకాల గ్రాహకాలున్నాయి. పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోవడానికి మొక్కలు తయారుచేసుకునే రసాయనాల్లో చాలావాటికి చేదు ఉంటుంది. వాటిలో విషాలూ ఉన్నాయి, మందులూ ఉన్నాయి. సింకోనా బెరడు నుంచి 1820లో వేరుచేసిన క్వినైన్ మలేరియా నుంచి ఎందరినో బతికించింది. పసిపిల్లలు చేదు తగలగానే ఉమ్మేయడం ఒంటి జాగ్రత్త. అయితే బలవంతం చేయకుండా, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ పెడితే పిల్లలు వద్దన్న రుచులకూ అలవాటుపడతారని పరిశోధనలు చెబుతున్నాయి. బెంగాలీలు శుక్తో అనే చేదు వంటకంతో భోజనం మొదలుపెడతారు. మనకూ వేపపువ్వు చారు ఉంది, ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టే ఉస్తికాయలున్నాయి. మరిచిపోయిన వాటిని మళ్లీ వండుకుంటే చాలు.

చేదంతా మేలు చేస్తుందనుకోవడం మాత్రం ప్రమాదం. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లు పెరిగి వాంతులు, రక్తస్రావం దాకా తీసుకెళ్తాయి. అలాంటి సొర రసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి హెచ్చరించింది. వేపనూనె తాగించడం పసిపిల్లల ప్రాణం మీదకు తెస్తుంది. కాసర కాయ కూరే గానీ, దాని దుంపను నాటువైద్యంలో గర్భస్రావానికి వాడేవారు. ఎలుకలపై ప్రయోగాల్లో కాసరకాయ పొడి రక్తంలో చక్కెరను తగ్గించింది. అంతమాత్రాన ఎవరూ డాక్టరు రాసిన మందు మానకూడదు. ఆ మందు వాడుతూనే కాకర రసం ఎక్కువగా తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు.

ఏది కూర, ఏది విషం, ఏ భాగం ఎప్పుడు కోయాలి అన్న తెలివి పొలం పనిచేసే ఆడవాళ్ల దగ్గర ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సాగుచేయని ఆకుకూరలను కలుపుగా కాక తిండిగా చూస్తాయి. 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్న సంఘాలవి. వాళ్లు కాపాడుకుంటున్నది మిగతా చోట్ల కలుపుమందుకు బలైపోతోంది. మందు కొట్టిన చేలో తీగ పోతుంది, దాన్ని గుర్తుపట్టడం కూతురికి నేర్పే అవకాశమూ పోతుంది.

వ్యవసాయ శాఖ ఈ మొక్కల జాబితాను ఊరూరా ఆడవాళ్ల చేతనే రాయించాలి. బడి పిల్లలను వాళ్ల వెంట పొలానికి పంపాలి. రైతులు కనీసం గట్ల మీదైనా కలుపుమందు కొట్టకుండా వదలాలి.