తుంగలో దాక్కున్న పిట్ట మన ఊరి రిజిస్టర్‌లో ఉందా?



కాస్త పొడుగు పోస్టే. ఓపిగ్గా చదవండి. చివర్లో అందరం చెయ్యాల్సిన పని ఒకటి చెప్తాం.

ఈ వానాకాలం నాట్లకి ఊరెళ్ళినప్పటి సంగతి ఇది. చెరువు కింద మడి పక్కన తుంగలో అడుగు పెట్టబోతే కాళ్ళ దగ్గర్నుంచే ఒక పిట్ట లేచింది. కాళ్ళు కిందికి వేలాడేసుకుని బరువుగా ఎగిరి, కొంచెం దూరంలోనే మళ్ళీ గడ్డిలో పడింది. వెళ్ళి వెతికితే లేదు. పొద్దు వాలాక గట్టు మీద కదలకుండా కూర్చుంటే రెండు బయటికొచ్చాయి. ఒకదానికి ముదురు ఎరుపు మెడ, కంటి చుట్టూ కళ్ళద్దాలు పెట్టినట్టు తెల్లటి మచ్చ, రొమ్ము నుంచి భుజం మీదికి తెల్లటి పట్టీ. రెండోది కొంచెం చిన్నది, మట్టిరంగు, రెక్కల మీద లేత పసుపు చుక్కలు.

మాలో జువాలజీ చదివేవాడు వెంటనే "ఎర్రది మగది, మట్టిరంగుది ఆడది" అనేశాడు. తాత నవ్వాడు. "ఎర్రది పెట్టరా. గుడ్ల మీద కూర్చునేది ఆ మట్టిరంగు పుంజే" అన్నాడు.

రాత్రి ఫోన్లో వెతికితే తాత మాటే నిజమైంది. దీన్ని ఇంగ్లీషులో గ్రేటర్ పెయింటెడ్ స్నైప్ అంటారు. స్నైప్‌కి తెలుగులో ఉల్లంకి అనే పేరుంది కాబట్టి దీన్ని ప్రస్తుతానికి రంగుల ఉల్లంకి అందాం. మామూలు ఉల్లంకులు చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చిపోతాయి. ఇది మాత్రం ఇక్కడిదే. నీళ్ళు ఎటుంటే అటు జరుగుతుంది, అంతే. పేరులో ఉల్లంకి ఉన్నా దీని దగ్గరి చుట్టాలు తామరాకుల మీద నడిచే జకానా పిట్టలు.

దీని కాపురం మామూలుగా ఉండదు. జత కోసం పిలిచేది ఆడపిట్ట. పొద్దు గూకాక, రాత్రిపూట, ఖాళీ సీసా మూతి దగ్గర ఊదినట్టు "ఊఁక్, ఊఁక్" అని పిలుస్తుంది. ఆడదాని గొంతులో గాలిగొట్టం పొడుగ్గా మెలిక తిరిగి ఉంటుంది, అందుకే అంత లోతైన గొంతు. మగదానికి ఆ మెలిక ఉండదు. తడినేల మీద గడ్డి పరిచి కట్టిన గూట్లో మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత చాలాసార్లు ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ పోతుంది. దాదాపు మూడు వారాలు పొదిగేది, పిల్లల్ని తిప్పేది, భయమేస్తే రెక్కల కింద దాచేది తండ్రే. మరీ దగ్గరికి పోతే రెక్కలు విప్పి, చుక్కలన్నీ చూపించి, బుస్సుమంటుంది. 1871లో వచ్చిన డార్విన్ పుస్తకం 'ది డిసెంట్ ఆఫ్ మ్యాన్'లో కూడా ఆడపిట్టే అందంగా ఉండే ఈ జాతి ప్రస్తావన ఉంది. "ఆడపిల్లకి ఇంటిపని ప్రకృతే రాసిపెట్టింది" అని ఇక ఎవరైనా అంటే ఈ పిట్ట సంగతి చెప్పండి!

డార్విన్ రాసింది మా జువాలజీ వాడికి తెలీదు. మడి గట్టు మీద బతికిన తాతకి తెలుసు. కానీ తాతకి తెలిసింది ఎక్కడా రాసి లేదు. మా బాధ అదే.

ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి కలివికోడి కథ గుర్తుచేస్తాం. అది నీటిపిట్ట కాదు, కడప వైపు ముళ్ళపొదల అడవిది. కానీ అదీ ఇలాగే రాత్రి తిరిగే, కంటబడని పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదని, అంతరించిపోయిందని అనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టింది ఏ ప్రొఫెసరూ కాదు, పక్షులు పట్టే స్థానికుడు. పుస్తకాలు లేదన్న పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఊరివాళ్ళకి తెలుసు.

ఇప్పుడు మన తప్పు కూడా ఒప్పుకోవాలి. రంగుల ఉల్లంకి లోతు నీళ్ళలో ఉండదు, పొడినేల మీదా ఉండదు. బురదలో ముక్కు గుచ్చి పురుగులు, నత్తలు, వానపాములు, రాలిన గింజలు తింటుంది. దానికి కావాల్సింది చెరువు అంచున ఉండే ఆ తుంగ, ఆ బురదే. మన ఊళ్ళలో దాన్ని అందరూ "పనికిరాని నేల" అంటారు. పోయినేడాది మేమే, మా ఊరి కుర్రాళ్ళమే, ఆ జాగాని మట్టితో పూడ్చి వాలీబాల్ కోర్టు చేసివ్వమని అర్జీ రాశాం! ఇప్పుడు ఆ అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం. కోర్టు మెట్ట మీదైనా వేసుకోవచ్చు. తుంగని అక్కడికి తీసుకుపోలేం కదా.

"చట్టం ఉందిగా, అదే కాపాడుతుంది" అనుకోవద్దు. 2017 చిత్తడి నేలల నియమాలు చదివాం. వరి పొలాలు, సాగునీటి కోసం కట్టిన చెరువులు ఆ నిర్వచనంలోకి రావు. అంటే ఈ పిట్ట ఎక్కువగా బతికే చోటే లెక్కలో లేదు. దానికి తోడు గడ్డిమందు కొడితే దాక్కునే చోటు పోతుంది, పురుగుమందు కొడితే తిండి పోతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. సెలవుల్లో సరదాకి ఉచ్చులు పెట్టేది మనమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ హక్కుల చట్టం కూడా వేటని హక్కుగా ఇవ్వలేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనలో కొన్ని గోత్రాలవాళ్ళు తమ గుర్తుగా ఉన్న జీవిని ఇప్పటికీ ముట్టరు. కొన్నిటిని వదిలేయడం మనకి కొత్తగా ఎవరో నేర్పాల్సిన పని కాదు. గూటి మీదున్న ఆ తండ్రిని పడితే నాలుగు గుడ్లూ పోయినట్టే. వాటిని చూడ్డానికి తల్లి తిరిగి రాదు.

మరి ఏం చెయ్యాలి? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళోవాళ్ళని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం గురించి మనకున్న సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికే హక్కు ఇచ్చింది. కాబట్టి పంచాయతీకి వెళ్ళి ఆ రిజిస్టర్ ఏదని అడుగుదాం. ఉంటే తెరిచి చూద్దాం. ఈ పిట్ట లేకపోతే, మన పెద్దవాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాయిద్దాం. ఎప్పుడు కూస్తుంది, ఎక్కడ గూడు కడుతుంది, ఏ తుంగలో ఉంటుంది అన్నీ. గూడు ఎక్కడుందో మాత్రం ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టకండి.

రేపు ఎవరైనా ఆ జాగాని "ఖాళీ నేల" అంటే చూపించడానికి మన చేతిలో కాగితం ఉండాలి. మా తాతకి డెబ్బై దాటాయి. మీ ఇళ్ళలోనూ అలాంటి తాతలు, అవ్వలు ఉన్నారు. సంక్రాంతి సెలవుల దాకా ఆగకండి, ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి.

కోయలో, గోండిలో, కోలామీలో, సవరలో దీన్ని ఏమంటారు? రంగుల ఉల్లంకి అనేది మేం పెట్టుకున్న పేరే. అసలు పేరు మీ అవ్వ నోట్లో ఉండొచ్చు. తెలిస్తే కింద రాయండి.

జై ఆదివాసీ.