దోసకాయ చల్లగా ఎట్లా ఉంటుందమ్మా?

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు, ముందే చెబుతున్నా. మా పిల్లలదీ ఇంగ్లీషు మీడియమే. నా గొడవంతా ఆ ఇంగ్లీషు పోలికల్ని అర్థం చెప్పకుండా బట్టీ పట్టించడం మీద.

"యాజ్ కూల్ యాజ్ ఎ కుకుంబర్" అంటే "దోసకాయలా చల్లగా" అని చెప్పి ఊరుకుంటారు. మన తర్లుపాడు పిల్లలకు దోసకాయంటే పసుపుపచ్చగా, గుండ్రంగా ఉండి పప్పులో ఉడికేది. అది చల్లగా ఎట్లా ఉంటుంది? వాళ్ళు చెప్పేది కీరా గురించి, నూటికి తొంభై అయిదు పాళ్ళు నీళ్ళే ఉండేది. పైగా ఆ చల్లదనం ఒంటిది కాదు, కంగారుపడని మనిషిది. "నిమ్మకు నీరెత్తినట్టు" అని మనం అనడం లేదూ? మన మాటలో ఎత్తిపొడుపు కాస్త ఎక్కువ, అంతే తేడా.

మా చిన్నది ఆ ఖాళీలో "పాట్" అని రాసింది. ఎండాకాలం మా ఇంట్లో చల్లగా ఉండేది కుండే మరి. ఎర్ర ఇంటూ పెట్టారు. నుడికారాన్ని మార్చి రాయకూడదు, ఆ మార్కు పోవాల్సిందే. కానీ ఎందుకు తప్పో ఒక్క మాట చెప్పొద్దా?

"యాజ్ మ్యాడ్ యాజ్ ఎ హాటర్" సంగతి చూడండి. పూర్వం ఇంగ్లండులో టోపీల తయారీలో పాదరసం వాడేవారు. ఆ ఆవిరి పీల్చి పనివాళ్ళకు చేతులు వణికేవి, మతి చెదిరేది. ఆ మాట దాంట్లోంచే పుట్టిందంటారు. పలకల దుమ్ముకు దగ్గే మనుషుల్ని చూసిన మార్కాపురం వైపు పిల్లలకు ఇది చెబితే ఇట్టే అందుతుంది. చెప్పరు. "పిచ్చివాడు" అని రాయించి పేజీ తిప్పేస్తారు.

వాళ్ళకు గుడ్లగూబ జ్ఞాని, మనకేమో అపశకునం. గబ్బిలం గుడ్డిదనడం ఉత్త అబద్ధం, దానికి కళ్ళు కనిపిస్తాయి. "బిజీ యాజ్ ఎ బీ" మాత్రం నాకు నచ్చుతుంది. తేనెపట్టులో చాకిరీ చేసే ఈగలన్నీ ఆడవే కదా!

ఇంకో విడ్డూరం. 1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషాయన మన సామెతలు పోగుచేసి, ఇంగ్లీషులో అర్థాలు చెప్పి పుస్తకం వేశాడు. పరాయివాడు మన మాటకు అర్థం వెతుక్కున్నాడు. మన పిల్లలు మాత్రం వాళ్ళ మాటను అర్థం లేకుండా మింగాలా?

ఈసారి పేరెంట్స్ మీటింగులో నేను అడగబోయేది ఇదే. ఇరవై పోలికలొద్దు, ఐదు చాలు. ఒక్కోటి ఎందుకట్లా అంటారో, అదే మాట మనమెట్లా అంటామో చెప్పండి అని. మీరూ మీ పిల్లల బళ్ళో అడగండి. ఒక్కదాన్నే అడిగితే "ఈవిడకు పనిలేదు" అంటారు.