సముద్రం అదే... టైమే వేరు!

ఓ చిన్న ప్రశ్న. బ్యాంకాక్ టికెట్ మీద '15వ తేదీ, గురువారం, 00.20' అని ఉంది. ఎయిర్‌పోర్టుకు ఏ రోజు వెళ్లాలి?

'గురువారం రాత్రి' అన్నారా... అయితే మీరు వెళ్లేసరికి విమానం వెళ్లిపోయి దాదాపు రోజవుతుంది! బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా సూట్‌కేసులతో అక్కడ ఉండాల్సింది.

ఇందులో వింతేమీ లేదు. మనవాళ్ల లెక్కే వేరు. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయంతో. ఏ అర్ధరాత్రో పెళ్లి నుంచి తిరిగొచ్చినా 'నిన్న రాత్రి ఆలస్యమైంది' అంటాం తప్ప 'ఇవాళ పొద్దున్న వచ్చాం' అనం. విమానాల వాళ్లకు ఇవేమీ పట్టవు. పన్నెండు కొట్టగానే వాళ్ల తారీకు మారిపోతుంది. హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాల్లో చాలావరకు బయల్దేరేది అర్ధరాత్రి తర్వాతే. అందుకే ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ.

పోయేది ఆ ఒక్క టికెట్టే కాదు. రానూపోనూ ఒకే బుకింగ్ అయితే, మొదటి విమానం ఎక్కనివారి తిరుగు టికెట్టునూ రద్దు చేసే సంస్థలున్నాయి. అక్కడ హోటల్లో మొదటి రాత్రి అద్దె ఎలాగూ పోతుంది. ఏడాదంతా కూడబెట్టుకుని, పిల్లల సెలవులూ పెద్దల సెలవులూ కలిసేలా చూసుకుని, నాలుగు రోజుల కోసం వెళ్లే ప్రయాణం... గడప దాటకుండానే ముగిసిపోతుంది.

బీచ్‌కి వెళ్లేవాళ్లు హోటల్ గురించి ఆరా తీస్తారు. భోజనం సంగతి అడుగుతారు. వాన పడుతుందేమో చూసుకుంటారు. అక్కడ టైమెంత, ఆ టైముకు సూర్యుడెక్కడ ఉంటాడు అని మాత్రం అడగరు. సముద్ర తీరాన గడిపే సెలవులకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే!

నాలుగు నిమిషాల లెక్క

భూమి తన చుట్టూ తాను తిరగడానికి 24 గంటలు. అంటే 360 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు... గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. ఆ రేఖ మన కాకినాడకు చాలా దగ్గర్లోంచి వెళుతుంది. కాబట్టి గోదావరి జిల్లాలవారి గడియారానికీ సూర్యుడికీ పెద్దగా పేచీ లేదు. పన్నెండింటికి కాస్త అటూ ఇటూగా ఎండ నడినెత్తికొస్తుంది.

అన్ని దేశాలూ ఇలా సూర్యుణ్ని నమ్ముకుని గడియారం పెట్టుకోలేదు. కొన్ని పొరుగు దేశంతో వ్యాపారం చూసుకున్నాయి. కొన్ని తమలోని రెండు ప్రాంతాలకు ఒకే టైం ఉండాలనుకున్నాయి. అందుకే గడియారం ఒకటి చెబితే ఆకాశం మరొకటి చెబుతుంది.

దీనికి మంచి ఉదాహరణ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, మలేసియాలోని లంకావి. రెండూ అండమాన్ సముద్రం వైపున్న దీవులే. తూర్పు పడమరలుగా చూస్తే వాటి మధ్య తేడా డిగ్రీన్నరే. సూర్యుడి లెక్కన ఆరు నిమిషాలు. గడియారం లెక్కన మాత్రం గంట! ఫుకెట్ మనకంటే గంటన్నర ముందుంటే, లంకావి రెండున్నర గంటలు ముందుంటుంది. మలేసియా ద్వీపకల్పం 1982 జనవరి 1న తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, బోర్నియోలోని సబా, సరవాక్ రాష్ట్రాల టైముతో కలిసిపోయింది. సింగపూర్ కూడా అదే బాట పట్టింది.

అందువల్ల పర్యాటకులకేమిటి? ఫుకెట్‌లో ఏడింటికల్లా చీకటి పడిపోతుంది. లంకావిలో సూర్యుడు దిగేదే ఏడు దాటాక. 'మధ్యాహ్నం మూడున్నర అయింది, ఎండ తగ్గుంటుంది' అని లంకావిలో పిల్లల్ని ఇసకలోకి వదిలితే, సూర్యుడి లెక్కన అది రెండుంబావు. వీపులు కమిలిపోతాయి. ఏ దేశమైనా గడియారంతో పనిలేకుండా చూసుకునే ఉపాయం ఒకటుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉందా... ఎండ తీవ్రంగా ఉన్నట్టే. నీడ పొడవయ్యాక దిగొచ్చు.

ఎక్కడికెళితే ఎంత తేడా?

శ్రీలంక: తేడా లేనే లేదు. 1996లో ఆ దేశం గడియారాన్ని ముందుకు జరుపుకున్నా, 2006 ఏప్రిల్ నుంచి మళ్లీ మన టైమే. పసిపిల్లలూ వయసు మీరినవారూ ఉన్న కుటుంబాలకు బెంటోటా, ఉనవతున లాంటి తీరాలు ఈ ఒక్క కారణంతోనైనా హాయి.

మాల్దీవులు: మనకంటే అరగంట వెనక. అసలు తిరకాసు అక్కడి రిసార్టుల్లో ఉంది. అది కింద చూద్దాం.

థాయ్‌లాండ్, వియత్నాం: గంటన్నర ముందు. రెండింటికీ ఒకే టైం. వియత్నాంలోని డనాంగ్ బాగా తూర్పున ఉండటంతో అక్కడ తొందరగా తెల్లారుతుంది. వేసవిలో స్థానికులు అయిదింటికే సముద్రంలో ఉంటారు. ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్లేవారికి మిగిలేది ఎండే.

బాలి: రెండున్నర గంటలు ముందు. ఇండొనేషియాకు మూడు టైం జోన్లున్నాయి. రాజధాని జకార్తాకూ బాలికీ గంట తేడా. ఒకే దేశమే కదా అనుకుని జకార్తాలో విమానం మారేవాళ్లు ఆ గంట మరిచిపోతుంటారు.

మారిషస్: గంటన్నర వెనక. తరతరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగువారున్న దేశం. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ఇక్కడ కొత్త ఏడాది పచ్చడి తినేసిన గంటన్నరకు అక్కడివాళ్ల గడియారం ఆ టైముకొస్తుంది.

దీవికో గడియారం!

మాల్దీవుల రాజధాని మాలెలో సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో. వచ్చిన అతిథులకు సాయంత్రం ఇంకాస్త సాగితే బాగుంటుందని చాలా రిసార్టులు తమ గడియారాల్ని గంట ముందుకు తిప్పేసుకుంటాయి. దాన్ని 'ఐలాండ్ టైం' అంటారు. మాలెలో నాలుగైతే ఆ దీవిలో అయిదు. మనకు నాలుగున్నర. పక్క దీవిలోని రిసార్టు మాలె టైమునే పాటిస్తుండొచ్చు.

సరదాగానే ఉంది కానీ, తిరుగు ప్రయాణం రోజున ఇది కొంప ముంచుతుంది. 'రేపు పదింటికి మీ బోటు' అని రిసార్టు వాళ్లు చెబుతారు. అది దీవి టైం. జేబులోని ఫోన్ మాత్రం నెట్‌వర్క్‌ను బట్టి మాలె టైం చూపిస్తుంది. ఫోన్‌లో తొమ్మిదిన్నరకు అలారం పెట్టుకున్నవాళ్లు లేచేసరికి దీవిలో పదిన్నర. బోటు వెళ్లి అరగంట! అందుకే గదిలోకి అడుగుపెట్టగానే రిసెప్షన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: 'ఇక్కడ ఏ టైం పాటిస్తారు?' రెండోది: 'మా బోటు టైం దీవిదా, మాలెదా?'

వెళ్లేటప్పుడు మరో జాగ్రత్త. దూరపు దీవులకు నీళ్లమీద దిగే చిన్న విమానాల్లో తీసుకెళతారు. ఈ సీప్లేన్లు చీకటిపడ్డాక ఎగరవు. మాలెలో మధ్యాహ్నం మూడు, మూడున్నర దాటాక దిగేవాళ్లకు ఆ రోజు సీప్లేన్ దొరక్కపోవచ్చు. దొరక్కపోతే ఆ రాత్రి మాలెలోనో హుల్హుమాలెలోనో మరో హోటల్ చూసుకోవాలి. రిసార్టులో కట్టిన రాత్రి అద్దె ఊరికే పోయినట్టే. టికెట్ రెండు వేలు తక్కువకు వచ్చిందని సాయంత్రం విమానం తీసుకుంటే, చివరికి చేతి చమురు ఎంత వదులుతుందో లెక్కేసుకోవాలి.

టికెట్ చదవడమెలా?

టికెట్ మీది ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరేది బయల్దేరే ఊరి గడియారం ప్రకారం. దిగేది దిగే ఊరి గడియారం ప్రకారం. హైదరాబాద్‌లో 00.20కి ఎక్కి బ్యాంకాక్‌లో 5.20కి దిగితే అది అయిదు గంటల ప్రయాణం కాదు. గంటన్నర తీసేస్తే మూడున్నర. తిరిగొచ్చేటప్పుడు బ్యాంకాక్‌లో రాత్రి తొమ్మిదింటికి ఎక్కి ఇక్కడ పదకొండింటికి దిగినట్టు ఉంటుంది. 'రెండు గంటల్లో వచ్చేస్తామా' అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ పోగొట్టుకున్న గంటన్నర వెనక్కొచ్చింది, అంతే.

హోటల్ తేదీ కూడా దిగే ఊరి లెక్కే. బుధవారం రాత్రి ఇల్లు వదిలినా, గది గురువారం నుంచి కావాలి. అదీ తిన్నగా దొరకదు. చాలాచోట్ల గది తాళం ఇచ్చేది మధ్యాహ్నం రెండు తర్వాతే. తెల్లవారుజామున అయిదున్నరకు దిగిన కుటుంబం ఎనిమిది గంటలు ఎక్కడ గడపాలి? ఒంటి లెక్కన అది ఇంకా నాలుగే. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. హోటల్‌కు ముందే రాసి, సామాను పెట్టుకోవడానికీ స్నానాలకూ వీలుంటుందేమో కనుక్కోవాలి. బామ్మలూ చంటిపిల్లలూ ఉంటే ముందు రాత్రికే గది తీసుకోవడం ఖర్చే అయినా, ఆ రోజంతా మిగులుతుంది.

ఒళ్లు వినదు

చేతి గడియారం తిప్పినంత సులువుగా నిద్ర తిరగదు. ఒళ్లు కొత్త టైముకు రోజుకు సుమారు గంట చొప్పున అలవాటుపడుతుందంటారు. తూర్పుకెళితే కాస్త కష్టం, పడమరకెళితే కాస్త సులువు. బాలిలో టిఫిన్ పదింటికి ముగుస్తుందంటే మన ఒంటికి అది ఏడున్నర. రాత్రి పదకొండైనా పిల్లలు పడుకోరు. వాళ్లకది ఎనిమిదిన్నరే కదా! ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచే అరగంట చొప్పున తొందరగా పడుకోబెట్టి, తొందరగా లేపితే సగం బాధ తప్పుతుంది. మారిషస్‌కు వెళితే ఇదే తేడా లాభం. ఇంట్లో ఆరున్నరకు లేచే అలవాటున్నవారికి అక్కడ అయిదింటికే మెలకువ వస్తుంది. ఖాళీ తీరం, చల్లటి గాలి, పైసా ఖర్చు లేదు.

షుగర్, బీపీ మందులు వాడేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, ఏ టైముకు వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. అక్కడికెళ్లాక వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే పని పెట్టుకోకూడదు.

గంటలు మారే దేశాలు

మన గడియారం ఏడాదంతా ఒక్కటే. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతాయి. డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరికెళ్లి, వాళ్లతో మెక్సికోలోని కాంకూన్ బీచ్‌కి వెళ్లే అమ్మానాన్నలు ఇది గమనించాలి. కాంకూన్ గడియారం 2015 నుంచి ఏడాదంతా మారదు. వేసవిలో డాలస్‌కూ కాంకూన్‌కూ ఒకే టైం. చలికాలంలో కాంకూన్ గంట ముందు.

ఆస్ట్రేలియాలోనైతే వీధి దాటితేనే టైం మారుతుంది. గోల్డ్‌కోస్ట్ ఉన్న క్వీన్స్‌లాండ్ గడియారం జరపదు. పక్కనున్న న్యూసౌత్‌వేల్స్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గంట ముందుంటుంది. సరిహద్దులోని కూలంగాటా, ట్వీడ్‌హెడ్స్ కలిసిపోయిన ఊళ్లు. డిసెంబరు 31న అటువైపు కొత్త సంవత్సరం చూసి, ఇటు నడిచొచ్చి గంట తర్వాత మళ్లీ చూడొచ్చు. సిడ్నీ నుంచి వెళ్లే మనవాళ్లు అక్కడ ఫోన్‌ను నమ్ముకోవడం కంటే హోటల్ గోడ గడియారం చూసుకోవడం మేలు. సరిహద్దు దగ్గర ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది.

క్యాలెండరూ చూడాలి

ఉగాది సెలవులకు బాలి వెళ్లాలనుకునేవారికి మరో మాట. అక్కడి హిందువుల శక సంవత్సరాది 'న్యేపి' కూడా అమావాస్య మర్నాడే. 2023లో మన ఉగాదీ, వాళ్ల న్యేపీ ఒకేరోజు, మార్చి 22న వచ్చాయి. ఆ రోజు బాలి మొత్తం మౌనం. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా విమానాశ్రయం కూడా మూసేస్తారు. బీచ్‌లోకి ఎవరూ రాకూడదు. పర్యాటకులూ హోటల్ దాటకూడదు. నాలుగు రోజుల ప్రయాణంలో ఒకటి ఇలా పోతుందని ముందే తెలిస్తే తేదీ మార్చుకోవచ్చు, లేదా ఆ నిశ్శబ్దాన్నే చూడ్డానికి వెళ్లొచ్చు.

ఇక మిగిలింది చిన్న పని. ప్రయాణానికి వారం ముందు ఓ తెల్లకాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇల్లు వదలాల్సిన రోజు, వారంతో సహా. దిగాక అక్కడ టైమెంత, మనకెంత. గది తాళం ఎప్పుడిస్తారు. అక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుంది, ఎప్పుడు కుంకుతుంది. ఆ కాగితం నకలొకటి ఇంట్లో ఉండే తాతయ్యకూ ఇవ్వండి. లేకపోతే మీరు బాలిలో గాఢనిద్రలో ఉండగా 'భోంచేశారా?' అని ఇక్కడి నుంచి పదింటికి ఫోనొస్తుంది. అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర!